తాతల నాటి వేట రైఫిల్ ఒరిజినలేనా? తేల్చుకోవడం ఎలా

మా మేనమామ ఇంట్లో బీరువా వెనకాల పొడుగాటి తోలుపెట్టె ఒకటి ఉండేది. అందులో తాతయ్య రైఫిల్. "లండన్ తుపాకీరా ఇది, పులిని కొట్టింది" అని పండక్కి వెళ్లినప్పుడల్లా మామయ్య చెప్పేవాడు. గొట్టం మీద నిజంగానే లండన్ కంపెనీ పేరు చెక్కి ఉంది. ఆ మధ్య ఒకాయన వచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిరోజు మంచి రేటు చెప్పాడు. రెండోరోజు "ఒరిజినల్ కాదండీ" అంటూ సగానికి దిగాడు. మామయ్యకు కోపం వచ్చింది, నాకు అనుమానం వచ్చింది. ఎవరి మాట నిజమో తేల్చడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ పని వరసే ఇది. జమీందారీ ఇళ్లలో, గడీల్లో మిగిలిన పాత వేట రైఫిళ్లలో ఇంగ్లండు, జర్మనీ సరుకు చాలా ఉంది కాబట్టి వాటి గురించే చెప్తాను.

ఒరిజినలా అని మొత్తం తుపాకీని ఒకేసారి అడిగితే జవాబు రాదు. గొట్టాన్ని విడిగా, బోల్టును (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీని) విడిగా, చెక్కను విడిగా అడగాలి. ఎనభై, వందేళ్లు వాడిన వస్తువులో ఏదో ఒకటి మారే ఉంటుంది. ఏది మారింది, ఎప్పుడు మారింది, ఎవరి చేతిలో మారింది అన్నదే మనం రాబట్టాల్సింది.

ముట్టుకునే ముందు

లైసెన్సు ఎవరి పేరున ఉందో వారే తుపాకీ పట్టుకోవాలి. మీరు పక్కన నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి. లైసెన్సుదారు కాలం చేశాక తుపాకీ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే ఈ పరిశీలన పక్కన పెట్టి, ముందు పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. "పాతదే కదా, యాంటిక్" అనే మాట చాలామంది అంటారు, అది చెల్లదు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలడానికి పనికిరాని పాత ఆయుధాలకే. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఛాంబర్ (తూటా కూర్చునే గది), మ్యాగజైన్ (తూటాల పెట్టె) రెండూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. ఆ తర్వాత పాత పంచె గుడ్డతో దుమ్ము తుడవండి. అంతే, ఇంకేం చేయొద్దు. బ్రాసో వద్దు, ఉప్పు కాగితం వద్దు, "కొంచెం మెరుగు పెట్టిస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి" అనే సలహా అసలే వద్దు. మెరుగు పెట్టిన చోట సాక్ష్యం పోతుంది. పైగా తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు చెరిపినా మార్చినా అదే చట్టంలోని 8వ సెక్షన్ కింద నేరం.

కావలసిన సరంజామా తక్కువే: భూతద్దం, చిన్న టార్చి, వెర్నియర్ కాలిపర్, ఫోన్ కెమెరా. టార్చిని పైనుంచి కాకుండా ఇనుముకు దాదాపు ఆనించి పక్కనుంచి కొట్టండి. అరిగిపోయిన ముద్రలు నీడల్లో తేలతాయి.

నంబర్లన్నీ రాసుకోండి

ఒక కాగితం మీద తుపాకీ బొమ్మ వేసుకుని, ఎక్కడ ఏ అంకె కనబడితే అక్కడ రాయండి. యాక్షన్ (గొట్టం వెనక, బోల్టు కదిలే ఇనుప భాగం) రింగు మీద, గొట్టం మీద, బోల్టు పిడి అడుగున, మ్యాగజైన్ మూత మీద, ట్రిగ్గర్ గార్డు తోక మీద, చిన్న స్క్రూల తలల మీద కూడా చూడండి. జర్మనీ కంపెనీ మౌజర్ కార్ఖానా చిన్న భాగాల మీద పూర్తి నంబరు కాకుండా చివరి రెండు అంకెలే కొట్టడం మామూలే. బోల్టు నంబరు వేరుగా ఉంటే అది మరో తుపాకీ బోల్టు. దాన్ని కాల్చడానికి వాడే ఆలోచన ఉంటే గన్‌స్మిత్ (తుపాకుల మేస్త్రీ) చేత హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకూ తూటాకూ మధ్య ఖాళీ, కొలిపించేదాకా ఆగండి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లండన్ పేరున్న మౌజర్ రైఫిల్ మీద రెండు వేర్వేరు నంబర్లు ఉండవచ్చు. అందులో తప్పేమీ లేదు. జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో యాక్షన్ తయారై అక్కడి నంబరు వేసుకుంటుంది. లండన్ కంపెనీ దాన్ని తెప్పించుకుని, తన పద్ధతిలో ముగించి, తన ఖాతా పుస్తకం నంబరు ట్రిగ్గర్ గార్డు మీదో గొట్టం మీదో వేస్తుంది. లండన్‌లోని రిగ్బీ కంపెనీ 1898 నుంచి కొన్నేళ్లపాటు బ్రిటన్‌లో మౌజర్‌కు ఏజెంటు. అందుకే రిగ్బీ పేరు కింద మౌజర్ నంబరు కనబడితే కంగారు పడక్కర్లేదు, కనబడకపోతేనే ఆలోచించాలి.

రాసుకున్న నంబర్లను లైసెన్సు పుస్తకంతో సరిపోల్చండి. ఎప్పుడో ఎవరో గుమాస్తా హడావుడిలో పేటెంటు నంబరును తుపాకీ నంబరుగా ఎక్కించి ఉండవచ్చు, 3ని 8గా చదివి ఉండవచ్చు. తేడా కనబడితే లైసెన్సింగ్ అధికారికి రాతపూర్వకంగా చెప్పి సరిచేయించుకోవాలి. లైసెన్సు అంకెకు తగ్గట్టు తుపాకీ మీది అంకె "సరిచేసిన" ప్రబుద్ధులు కూడా ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి.

పేరును చివరికి నమ్మండి

గొట్టం మీద చెక్కిన పేరే అందరూ ముందు చూస్తారు. అన్నిటికంటే తేలిగ్గా మార్చగలిగేదీ అదే. పైగా పేరు ఉన్నంత మాత్రాన తయారీదారు అని కాదు. కలకత్తాలో మాంటన్, రోడా, లయన్ అండ్ లయన్, మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్, లండన్లో ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ ఇంగ్లండులో చేయించిన తుపాకులను తమ పేరుతో అమ్మేవి. వాటి పేరున్న రైఫిల్ నకిలీ కాదు, దుకాణం పేరు మోస్తున్న అసలు సరుకు. 1914 ఆగస్టులో బెంగాలు విప్లవకారులు కొల్లగొట్టిన 50 మౌజర్ పిస్టళ్లు ఈ రోడా కంపెనీకి దిగిన సరుకులోవే.

పేరుతో పాటు చిరునామా ఉంటే మంచి ఆధారం. లండన్ తుపాకుల కంపెనీ హాలండ్ అండ్ హాలండ్ 1960 దాకా 98, న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఉండి, ఆ ఏడు బ్రూటన్ స్ట్రీట్‌కు మారింది. 1930ల రైఫిల్ అని చెప్తూ గొట్టం మీద బ్రూటన్ స్ట్రీట్ చూపిస్తే, ఆ గొట్టం వయసు మీకు తెలిసిపోయినట్టే.

అక్షరాలను భూతద్దంలో చూడండి. చేత్తో చెక్కిన గీత మొదట సన్నగా దిగి, మధ్యలో లావై, మళ్లీ సన్నబడి లేస్తుంది. అంచులు పదునుగా ఉంటాయి. మెరుగు పెట్టిన గొట్టంలో అక్షరాల అంచులు కరిగిన సబ్బులా గుండ్రబడతాయి, సన్నగీతలు ముందు మాయమవుతాయి. గొట్టమంతా అద్దంలా నల్లగా మెరుస్తూ అక్షరాలు మాత్రం లోతు లేకుండా ఉంటే బ్లూయింగ్ (ఇనుముకు నల్లరంగు పట్టించడం) మళ్లీ చేయించారన్నమాట. అటుపక్క గొట్టం మీద గీతలు, అరుగుదల ఉండి, అక్షరాలు నిన్న చెక్కినట్టుంటే మరీ అనుమానించాలి.

చెక్క కింద దాగిన ముద్రలు

తుపాకీలో అబద్ధం చెప్పడం కష్టమైన చోటు ఇదే. ఇంగ్లండులో, జర్మనీలో ప్రతి గొట్టాన్నీ మామూలుకంటే ఎక్కువ మందుతో కాల్చి పరీక్షించి, తట్టుకుంటేనే ముద్ర వేయాలని చట్టం. దాన్నే ప్రూఫ్ అంటారు. కొన్ని ముద్రలు బయటే కనబడతాయి, కొన్ని చెక్క కింద దాక్కుంటాయి. చెక్క విప్పాల్సి వస్తే లైసెన్సున్న గన్‌స్మిత్ చేతే విప్పించండి. ఇంగ్లిషు తుపాకుల స్క్రూ గాడి దారమంత సన్నంగా ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఒక్క నిమిషంలో పాడవుతుంది.

ఇంగ్లండులో రెండు ప్రూఫ్ హౌసులు: లండన్, బర్మింగ్‌హామ్. లండన్ ముద్రల్లో కిరీటం కింద పెనవేసుకున్న జీ, పీ అక్షరాలు, కిరీటం కింద వీ ఉంటాయి. 1904 నియమాల తర్వాత బర్మింగ్‌హామ్‌లో కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అని మూడు. ఎన్‌పీ అంటే నైట్రో ప్రూఫ్, పొగరాని మందుకు పరీక్షించారని అర్థం. లండన్‌లో ఎన్‌పీ మీద కిరీటం బదులు కత్తి పట్టిన చెయ్యి ఉంటుంది. లండన్ కంపెనీ పేరున్న రైఫిల్ మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ఉన్నంత మాత్రాన తప్పు పట్టకండి. ఎన్నో లండన్ దుకాణాలు బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో పని చేయించుకునేవి. ఎన్‌పీ ముద్ర ఏదీ లేని పాత .450, .500 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో) రైఫిల్ అయితే అది నల్లమందు కాలం నాటిది కావచ్చు. ఒరిజినల్ అయినా, పొగరాని మందు తూటా దాంట్లో పెడితే ప్రాణం మీదకు వస్తుంది.

ఇప్పుడు కాలం లెక్క. పాత రైఫిల్ గొట్టం మీద "కార్డైట్" (ఒక రకం పొగరాని మందు) అనే మాట, పక్కన మందు ఎన్ని గ్రెయిన్లో (గ్రెయిన్ అంటే ఒక చిన్న తూకం), గుండు ఎన్ని గ్రెయిన్లో అంకెలు, చివర "మ్యాక్స్" అని ఉంటుంది. 1954 నియమాల తర్వాత ఆ పద్ధతి పోయి, చదరపు అంగుళానికి ఎన్ని టన్నుల ఒత్తిడి అని కొట్టడం వచ్చింది. అంటే టన్నుల ముద్ర ఒక్కటే ఉన్న గొట్టం 1954కు ముందుది కాదు. గ్రెయిన్ల ముద్ర, టన్నుల ముద్ర రెండూ ఉంటే పాత గొట్టానికే తర్వాత మళ్లీ పరీక్ష జరిగిందని. 1925 నియమాల తర్వాత విదేశీ తుపాకీ ఇంగ్లండులో ప్రూఫుకు వస్తే "ఇంగ్లిషు తయారీ కాదు" అని ఇంగ్లిషులో ముద్ర పడేది. "పక్కా ఇంగ్లిషు తుపాకీ" అని చెప్పే మనిషికి ఆ ముద్ర చూపించి ఆయన ముఖం చూడండి.

జర్మనీ గొట్టాల మీద కిరీటం కింద బీ, యూ, జీ అక్షరాలు వరసగా ఉంటాయి. బీ అంటే కాల్చి పరీక్షించినది, యూ అంటే తనిఖీ చేసినది, జీ అంటే లోపల మరగాళ్లున్న గొట్టం. 1940 నుంచి కిరీటాలు పోయి గద్ద కింద ఎన్ వచ్చింది. కాబట్టి "మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది" అన్న రైఫిల్ గొట్టం మీద గద్ద కూర్చుని ఉంటే ఆ గొట్టం తర్వాత వచ్చి చేరిందే. జర్మనీలోని జూల్ ఊరి తుపాకుల అడుగున చాలాసార్లు నెల, ఏడాది అంకెలు కూడా దొరుకుతాయి: 4.28 అంటే 1928 ఏప్రిల్.

మామయ్య రైఫిల్ గుట్టు బయటపడింది ఈ మెట్టు మీదే. రింగు మీద మౌజర్ నంబరు, గార్డు మీద లండన్ నంబరు, బోల్టు రింగుతో సరిపోయింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా మేస్త్రీ చెక్క తీసి గొట్టం తిప్పాడు. బర్మింగ్‌హామ్ ముద్ర, పక్కన టన్నుల అంకె. గ్రెయిన్ల అంకెలు ఎక్కడా లేవు. తాతయ్య పులిని కొట్టింది, ఇంట్లో చెప్పుకునే లెక్క ప్రకారం, స్వాతంత్ర్యం రాకముందు.

సైనిక తుపాకీని వేట రైఫిల్‌గా మార్చారా?

రెండు యుద్ధాల తర్వాత మిగిలిన మౌజర్ సైనిక తుపాకుల చెక్క కోసి, గొట్టం మార్చి వేట రైఫిళ్లుగా అమ్మినవారు ప్రపంచమంతటా ఉన్నారు. యాక్షన్ రింగు పైభాగాన్ని పక్క వెలుతురులో చూడండి. సైనిక రైఫిల్ అయితే అక్కడ స్పాండౌ, ఎర్‌ఫుర్ట్, అంబెర్గ్, డాన్‌జిగ్ లాంటి ఆయుధశాల పేరు, సంవత్సరం ఉండేవి. వాటిని గీకేసి ఉంటే రింగు ఆ చోట కాస్త చదునుగా, చుట్టూ ఉన్న గుండ్రదనంతో పొసగకుండా కనిపిస్తుంది. చిన్న భాగాల మీద గద్ద కింద అంకెలున్న బుల్లి ముద్రలు హిట్లర్ కాలపు సైనిక తనిఖీవి. మార్చిన తుపాకీ చెడ్డదేం కాదు, కానీ దానికి ఓబెర్న్‌డార్ఫ్ వేట రైఫిల్ ధర ఇవ్వకూడదు.

బోరుకూ వయసుకూ పొసగాలి

తూటాలకు పుట్టినరోజులు ఉన్నాయి. .416 రిగ్బీ 1911లో, .375 హాలండ్ మాగ్నమ్ 1912లో, .300 హాలండ్ 1925లో వచ్చాయి. కంపెనీ నంబరును బట్టి 1908 నాటి రైఫిల్ అని తేలి, ఛాంబర్ .375 మాగ్నమ్ అయితే, లోపల ఎవరో పని చేశారు. మన దేశానికి ప్రత్యేకమైన ఆధారం ఇంకొకటి: 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 బోరు రైఫిళ్లను ఇండియాకు రానివ్వకుండా ఆపింది. ఆ బోరు తూటాలు తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టినీ సైనిక తుపాకులకు ఉపయోగపడతాయన్న భయం. దాంతో కంపెనీలు .465, .470, .475 బోర్లు తీసుకొచ్చాయి. 1920లో ఇండియాకు కొత్తగా అమ్మిన .450 డబుల్ (రెండు గొట్టాల) రైఫిల్ అని ఎవరైనా కథ చెప్తే కాగితాలు అడగండి.

ఇక .303. సైన్యం వాడిన తూటా కాబట్టి మన దగ్గర అది నిషేధిత బోరు. అందుకని బోరు మార్పించాలన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది. అయితే .315 గొట్టం కనబడగానే మార్చేశారని తీర్పు చెప్పకండి. ఇంగ్లండు కంపెనీలే ఇండియా కోసం .315లో రైఫిళ్లు చేసి పంపాయి, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు ఇప్పటికీ ఆ బోరు చేస్తున్నాయి. గొట్టం మీది ప్రూఫ్ ముద్రలు, యాక్షన్ మీది ముద్రలు ఒకే కాలానివా, ఒకే ఊరివా అని చూస్తే సరిపోతుంది. లైసెన్సుల్లో .423 అని కనబడేది మౌజర్ వారి 10.75×68, అదేదో వింత బోరు అనుకోవద్దు.

గొట్టం మీద రాసిన బోరు ఒకటి, లోపల ఉన్నదొకటి అని అనుమానం వస్తే ఛాంబర్ అచ్చు తీయించాలి. సెరోసేఫ్ అనే మిశ్రమలోహం వేడినీళ్ల వేడికే కరుగుతుంది. దాన్ని పోసి, గట్టిపడ్డాక తీసి, సుమారు గంట తర్వాత కొలిస్తే ఛాంబర్ కొలత అచ్చంగా వస్తుంది. ముందే కొలిస్తే కాస్త కుంచించుకుని ఉంటుంది. ఇది గన్‌స్మిత్ పని, ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

చెక్క, స్క్రూలు, రంగు

మంచి ఇంగ్లిషు రైఫిల్ చెక్క వాల్‌నట్. బట్టు (భుజానికి ఆనే వెనక చెక్క) విరిగితే మన మేస్త్రీలు ఇరుగుడు చెక్కతో చక్కగా చేసేవారు. ఇరుగుడు బరువుగా, ఊదా ఛాయతో ఉంటుంది, చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. చెక్క అసలుదే అయినా గీకి వార్నిష్ వేశారేమో చూడండి: ఇనుము, చెక్క కలిసే చోట వేలు నడిపితే ఇనుము అంచు గుచ్చుకుంటే చెక్క అరగదీశారని. కొత్తలో అవి రెండూ సమంగానో, చెక్క వెంట్రుకవాసి ఎత్తుగానో ఉంటాయి. పట్టు కోసం చెక్కిన గళ్లు కొనలు తేలి ఉండాలి. గళ్ల మధ్య వార్నిష్ గడ్డకట్టి ఉంటే అది తర్వాతి పూత. రబ్బరు ప్యాడ్ ఎర్రగా మెత్తగా కొత్తగా ఉంటే మార్చారని వేరే చెప్పనక్కర్లేదు.

స్క్రూ తలల గాళ్లు గొట్టం వెంబడి ఒకే దిక్కుకు తిరిగి ఉంటే పనితనం ఉన్న చేతిదని గుర్తు. నలిగి, పక్కకు తిరిగి ఉంటే ఎవరో చాలాసార్లు విప్పారు. దాచి ఉన్న చోట్ల, అంటే బోల్టు పిడి కింద, గురి చూసే సైటు ఆకుల అడుగున, పాత రంగు మిగిలి ఉంటుంది. బయటి రంగును దాంతో పోల్చండి. దుర్బిణీ కోసం యాక్షన్ మీద తర్వాత వేసిన రంధ్రాలు ఉంటే ధర మీద గట్టి దెబ్బ. సైటు ఆకుల మీద గజాలున్నాయా మీటర్లున్నాయా అన్నది కూడా రాసుకోండి. ఇంగ్లండులో అమ్మకానికి చేసిన దాని మీద మీటర్లుండడం అసహజం.

కంపెనీకి ఉత్తరం, ఇంటి కథ

రిగ్బీ, హాలండ్ అండ్ హాలండ్, పర్డీ, వెస్ట్‌లీ రిచర్డ్స్ తమ పాత ఖాతా పుస్తకాలు దాచుకున్నాయి. నంబరు, ముద్రల ఫోటోలు పంపి, రుసుము కడితే ఆ రైఫిల్ ఏ బోరులో, ఎంత పొడవు గొట్టంతో, ఎప్పుడు, ఎవరికి అమ్మారో రాసి పంపుతాయి. కంపెనీయే తర్వాత గొట్టం మార్చి ఉంటే అదీ తెలియవచ్చు. సొంత కంపెనీ మార్చిన గొట్టానికీ, బయట ఎవరో మార్చి పేరు కొట్టిన గొట్టానికీ విలువలో చాలా తేడా. లైసెన్సుదారు పేరుతోనే రాయించండి.

ఇంటి కథలను కొట్టిపారేయకండి, కానీ ఇనుముతో సరిచూడండి. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన .275 రిగ్బీ బట్టు మీద వెండి పలక ఉంది. ఆ కథ పలక ఒక్కదాని మీదే నిలబడలేదు, మనిషీ సందర్భమూ తుపాకీ అన్నీ కలిసొచ్చాయి. పలకను ఎవరైనా ఏ తుపాకీకైనా బిగించవచ్చు. పెట్టె లోపలి లేబుల్ కూడా అంతే. పెట్టెలో గొట్టానికి చేసిన గూడు పొడవు కొలిచి, గొట్టంతో సరిపోల్చండి.

మామయ్య పంపిన ఉత్తరానికి జవాబు వచ్చింది. రైఫిల్‌ను 1920ల్లో మద్రాసు దుకాణానికి పంపామని రాశారు. గొట్టం మార్చినట్టు వాళ్ల పుస్తకంలో లేదు, పొడవు కూడా రెండు అంగుళాలు తేడా. పెట్టెలో గూడు పాత పొడవుకే సరిపోయింది. చివరికి నేను రాసిన కాగితం ఇది: "యాక్షన్, బోల్టు, గార్డు అసలువి. చెక్క అసలుదే, గీకి వార్నిష్ వేశారు. గొట్టం 1954 తర్వాతది, బయట చేయించినది, పేరు తిరిగి చెక్కినది. రబ్బరు ప్యాడ్ కొత్తది."

మామయ్య రెండుసార్లు చదివాడు. "అయితే పులిని కొట్టిన గొట్టం ఏదిరా?" అన్నాడు. తెలియదన్నాను. కాగితాన్ని మడిచి పెట్టెలో మఖమలు గుడ్డ కిందకు తోసి, మూత వేస్తూ, "పండక్కి పిల్లలొచ్చినప్పుడు ఇది తీయకు" అన్నాడు.